ఆలీ ఖాపూలో గుసగుస

రాడార్ ఇంజనీరు తాబందే మీద పేలిన మొదటి తూటా గురి తప్పింది. రెండోది తప్పకపోవచ్చని టెహ్రాన్‌లో కల్నల్‌కు తెలుసు.

"విదేశీ ముఠా ఇస్ఫహాన్‌లో దిగింది. నాయకుడి ముఖం ఎవరూ చూడలేదు. గైడు వేషంలో వెళ్లు. పట్టుకో" అన్నాడు ఏజెంట్ ఫరామర్జ్‌తో.

గైడు వేషం వేస్తే టూరిస్టులు తగులుకుంటారని మాత్రం చెప్పలేదు.

తబ్రీజ్ నుంచి వచ్చిన ఎహ్తెరామ్ ఖానుమ్ అనే ముసలావిడ మొదటి రోజే అతన్ని కుదుర్చుకుంది. ఇక వదల్లేదు. ఊగే మినార్ల దగ్గర అతను ఒకణ్ణి అనుమానించి వెంటపడబోతే, "ఏమయ్యా, ఇది ఊగడం లేదేం?" అని చొక్కా పట్టుకు లాగింది. వాడు మాయమయ్యాడు. ఖాజూ వంతెన మీద ఇంకొకడు చేతికి చిక్కబోతుంటే, మెట్లు దిగలేను, చెయ్యి అందించమంది. వాడూ జారిపోయాడు.

మూడో రోజు చెహెల్ సొతూన్ తోటలో నూషీన్‌ను కలవాలి. ముఠాకు కబుర్లు మోస్తూ, అవే కబుర్లు కల్నల్‌కూ చేరవేసే అందగత్తె ఆమె. ఖానుమ్ అక్కడికీ తయారైంది.

"నలభై స్తంభాల మేడ అన్నావు. ఇరవయ్యే ఉన్నాయి."

"మిగతావి కొలనులో నీడలు, ఖానుమ్."

"కొలనులో నీళ్లేవీ?"

"మరమ్మతు కోసం తోడేశారు."

"మీ ఇస్ఫహాన్ వాళ్ల పిసినారితనం నీళ్లదాకా వచ్చిందన్నమాట!"

ఫరామర్జ్ పళ్లు నూరుకుంటూ ఆమెను ఐస్‌క్రీమ్ బండి దగ్గర కూర్చోబెట్టి వచ్చాడు. నల్లకళ్లద్దాల నూషీన్ అతని పక్కగా నడుస్తూ పెదవులు కదపకుండా చెప్పింది.

"మధ్యాహ్నం అజాన్ కాగానే ఆలీ ఖాపూ మహల్ కమాను కింద. బూడిదరంగు టోపీవాడు హంతకుడు. ఒక మూల గోడకేసి తిరిగి నిలబడతాడు. నాయకుడు ఎదురు మూలనుంచి ఆర్డర్ ఇస్తాడు. 'మిఠాయి తాజాదేనా?' అంటే, 'పిస్తా ఎక్కువే' అనాలి."

ఆ కమాను కింద ఒక మూల గోడకు గుసగుసలాడితే ఎదురు మూలలో చెవి దగ్గర చెప్పినట్టు వినిపిస్తుంది. నడుమ ఉన్నవాళ్లకు వినబడదు. ఆ వింతను నిన్ననే అతను ఖానుమ్‌కు చూపించాడు. అప్పుడామె పెదవి విరిచింది.

ఆలీ ఖాపూ దగ్గర అజాన్ ముగిసింది. కమాను మూలలో నిలబడ్డ టోపీవాణ్ణి నూషీన్ అగ్గిపెట్టె అడిగింది. వాడు ఇటు తిరిగాడు. ఫరామర్జ్ పెన్నులోని మత్తు సూది వాడి మెడలో దిగింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు కల్నల్ మనుషులు, "అయ్యో, ఎండదెబ్బ!" అంటూ వాణ్ణి మోసుకుపోయారు. ఫరామర్జ్ వాడి మూలలో నిలబడి గోడకు చెవి ఆనించాడు.

"మిఠాయి తాజాదేనా?"

మూడు రోజులుగా అతని ప్రాణం తోడేసిన గొంతు అది.

"పిస్తా ఎక్కువే" అన్నాడు, గొంతు మార్చి.

"పక్కవీధి హోటల్లో తాబందే కారు కింద బాంబు పెట్టించాను. ఇప్పుడే కారెక్కుతున్నాడు. బతికి బయటపడితే నువ్వు కాల్చు... ఆగు. టోపీ ఏదీ? నువ్వు మావాడివి కాదు!"

ఫరామర్జ్ గిరుక్కున తిరిగాడు. ఎదురు మూలలో ఎహ్తెరామ్ ఖానుమ్ చేతిసంచీలోంచి చిన్న ట్రాన్స్‌మిటర్ తీస్తోంది. మధ్యలో ఫోటో కోసం బారులు తీరిన పెళ్లివారు.

"తప్పుకోండి!"

"మర్యాద లేదా, అయ్యా? ఫోటో తీస్తున్నారు!" అని పెళ్లికొడుకు గదమాయించాడు.

ఫరామర్జ్ పెళ్లికొడుకును తోసేసి దూకాడు. నూషీన్ ముసలావిడ మోచేతిని వెనక్కి లాగింది. అయినా బొటనవేలు బటన్ మీద పడింది. ఆ చివరి క్షణంలో ఫరామర్జ్ బటన్ కింద తన వేలు దూర్చాడు. ఎముక టక్కుమంది. హోటల్ వైపు ఏ చప్పుడూ లేదు.

"మూడు రోజులు ఊరంతా తిప్పావు, ఒక్కటీ సరిగ్గా చూపించలేదు!" అంది ఖానుమ్, బేడీలు పడుతుంటే.

గోల విని వచ్చిన చౌరస్తా పోలీసు ఆ ఒక్క మాటే విన్నాడు; బాంబూ, ముఠా అతనికి అక్కర్లేకపోయాయి. తాబందే విమానమెక్కే వేళకు, అతన్ని కాపాడిన ఏజెంటు లైసెన్సు లేకుండా గైడు పని చేసినందుకు స్టేషన్ బల్లమీద కూర్చుని, వాచిన వేలితో సంతకం పెడుతున్నాడు.