దొంగ వదిలేసిన ఫోటో

బస్సు దిగి జేబు తడుముకునేసరికి ఫోటో స్టూడియో కుర్రాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. పర్సు లేదు. వానలో తడుస్తూనే స్టూడియోకి ఎదురుగా ఉన్న బ్యాంకులోకి పరుగెత్తాడు. కార్డుల కౌంటర్లో ఆ అమ్మాయే ఉంది. ఎవరి ముందు నిలబడితే అతనికి మాటలు తడబడతాయో, ఆ అమ్మాయే.

"పర్సు కొట్టేశారండీ."

"కంగారు పడకండి. ముందు కార్డు బ్లాక్ చేస్తాను. మీరు వెళ్ళి పోలీస్ కంప్లయింట్ ఇవ్వండి." కీబోర్డు టకటకలాడించింది. "అయిపోయింది. ఇక దొంగ తలకిందులుగా తపస్సు చేసినా పైసా రాదు."

అయినా అతని మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"ఇంకేముంది అందులో?"

"ఒక ఫోటో."

"ఎవరిది?"

"కావలసినవాళ్ళది."

"మీకేమవుతారు?"

"ఇంకా ఏమీ అవలేదండీ."

ఆమె నవ్వాపుకుంది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఫోటో ఆమెదే. ఐడీ కార్డు కోసం స్టూడియోకి వచ్చినప్పుడు ఫ్లాష్ వెలగగానే కళ్ళు మూసుకుంది. చెడిన ప్రింటు చింపేయడం స్టూడియో పద్ధతి. చింపేశానని ఆమెతో చెప్పి పర్సులో దాచుకున్నాడు. అది బయటపడితే ఇక ఆమెకి మొహం ఎలా చూపించాలన్నదే అతని బెంగ.

మర్నాడు ఆమే స్టూడియోకి వచ్చి, ఖాళీ పర్సునీ ఫోటోనీ కౌంటర్ మీద పెట్టింది.

"బస్సు సీటు కింద దొరికిందట. మా బ్యాంకుకి వచ్చే కండక్టర్ బాబాయ్ ఫోటో చూసి గుర్తుపట్టి, 'ఇదిగోమ్మా, మీ ఆయన పర్సు' అని క్యూలో అందరి ముందూ ఇచ్చాడు."

భూమి చీలితే బాగుండుననిపించింది అతనికి.

"చింపేశానన్నారుగా?"

"చేతులు రాలేదండీ. మీరంటే నాకిష్టం. అడక్కుండా దాచుకోవడం తప్పే. తీసేసుకోండి."

"దాచుకునేవారు కళ్ళు తెరిచినది దాచుకోవచ్చుగా?"

"అవి మీరు డబ్బిచ్చి తీసుకున్నవి. ఇదొక్కటే ఎవరికీ అక్కర్లేనిది."

ఆమె ఫోటోని బ్యాగులో వేసుకుంది. దాంతోపాటే అతని ఆశలూ వెళ్ళిపోయాయి. ఆమె మాత్రం గుమ్మం వైపు కాక లోపలి స్టూలు వైపు నడిచి, కూర్చుని జుట్టు సవరించుకుంది.

"ఈసారి నేను చెప్పాకే నొక్కండి. ఇది దాచుకోవచ్చు, నేనే ఇస్తున్నాను."

అతను కెమెరా వెనక్కి వెళ్ళి అడిగాడు. "నేను మీ ఆయన్ని కాదని బాబాయ్‌తో చెప్పలేదా?"

"క్యూ పెద్దగా ఉంది. అంత వివరంగా చెప్పే తీరికెక్కడిది?" అంది ఆమె. "పర్సు పోతే ఏం చేయాలో నేను చెప్పగలను. దీనికి మాత్రం మా నాన్ననే అడగాలి. ఆదివారం ఇంట్లోనే ఉంటారు. ఊఁ, నొక్కండి."

అతను నొక్కాడు. ఈసారి కళ్ళు మూసుకున్నది అతనే.