కథలో లేని మీసం

"ఈ తాతయ్యకి కోపం వచ్చిందని మీకెవరు చెప్పారండీ?"

పెన్సిల్ చెక్కుకుంటున్న అతను తలెత్తాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చేతిలో, నిన్న తను గీసి పంపిన బొమ్మ ఉంది. కోపం మాత్రం బొమ్మలో కంటే ఆమె ముఖంలోనే ఎక్కువ కనిపిస్తోంది.

ఆ ఆఫీసులో ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఒక కథల పుస్తకం తయారవుతోంది. పది కథలు, కథకో బొమ్మ, చివర నాలుగు ప్రశ్నలు. కథలు రాసేది ఆమె. ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పి వచ్చింది కాబట్టి అందరికీ పంతులమ్మ. బొమ్మలు గీసేది ఇతను. చెవి మీద పెన్సిల్ లేకుండా ఇతన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి పెన్సిల్ గారు.

బొమ్మ గీసేవాడు కథ రాసినవాళ్లని ముందుగా ఏమీ అడగకూడదని అక్కడి ఎడిటరు పెద్దమేడమ్ రూలు పెట్టింది. కథ చదివి పిల్లలకి ఎంత అర్థమవుతుందో అతనికీ అంతే అర్థం కావాలట. బొమ్మ గీశాక పోట్లాడుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

"తాతయ్య ఎవరితోనూ మాట్లాడకుండా తింటున్నాడు కదండీ. కోపమేమో అనుకున్నాను."

"మాట్లాడనివాళ్లందరికీ కోపమేనా? పొద్దుట్నుంచి మీరెవరితో మాట్లాడారు?"

"ఎవరితోనూ మాట్లాడలేదు."

"మరి మీకూ కోపమేనా?"

"కాదండీ, ఆకలి."

ఆమెకి నవ్వొచ్చింది. అది కనబడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇక్కడ చదవండి. 'అటు చూడకుండానే రొట్టెలో పెద్ద ముక్క మనవరాలి వైపు జరిపాడు.' కోపంలో ఉన్నవాడు పెద్ద ముక్క ఇస్తాడా?"

"ఇవ్వడు."

"మనిషి ఎలాంటివాడో కథ మనకి నోటితో చెప్పదు. ఏమన్నాడో చూడాలి, ఏం చేశాడో చూడాలి. ఆ పైన అలాంటి మనుషుల గురించి మనకి తెలిసింది కలుపుకోవాలి. ఆ కలుపుకునే దగ్గరే జాగ్రత్త! మన భయాలన్నీ తెచ్చి కథ నెత్తిన రుద్దేది అక్కడే."

ఆ పాఠం అతనికి బాగా వంటబట్టింది. పాఠంతో పాటు పంతులమ్మ కూడా.

మంగళవారం వస్తే చాలు, ఆమె ఏదో ఒక బొమ్మ పట్టుకుని వచ్చేసేది. ఈ పిల్ల జడ ఇంత బిగుతుగా ఎందుకుంది? ఆ కండక్టరు చొక్కాకి గుండీ ఎందుకు ఊడింది? అతను కథలో వాక్యాలు చూపించి వాదించేవాడు, ఆమె ఇంకో వాక్యం చూపించి నెగ్గేది. ఆ తర్వాత ఇద్దరూ కిటికీ దగ్గర టీ తాగేవాళ్లు. ఒక మంగళవారం వాన పడి ఆమె ఆలస్యంగా వచ్చింది. ఆ గంటలో అతను నాలుగు పెన్సిళ్లు పుల్లలయ్యేదాకా చెక్కేశాడు. ఇది ప్రేమే అని ఆ రోజే తేలిపోయింది.

చెబుదామనుకున్నాడు. కానీ రోజూ సాయంత్రం గేటు దగ్గరికి ఓ స్కూటరు వచ్చేది. దాని మీద ఆరడుగుల మనిషి, మూరెడు మీసం. పంతులమ్మ నవ్వుతూ వెనక ఎక్కి కూర్చునేది. అది చూసిన ప్రతిసారీ అతని మాట గొంతులోంచి పొట్టలోకి దిగిపోయేది.

అలా ఉండగా పదో కథ వచ్చింది.

అందులో ఒక గడియారాల రిపేరు మనిషి. గడియారం మూత తీసే ముందు దానితో "కాస్త ఓర్చుకో" అంటాడు. ఎవరైనా మాట్లాడుతుంటే చేతిలో పని కింద పెట్టేస్తాడు. కమలాపండు వలిస్తే, తొనకున్న పీచంతా తీసిగానీ ఎదుటివాళ్లకి ఇవ్వడు. ఎదురు కొట్టులో బట్టలు కుట్టే అమ్మాయి, చక్కగా నడుస్తున్న గడియారాన్ని పట్టుకుని "ఇది ఆగిపోతోందండీ" అంటూ మాటిమాటికీ అతని దగ్గరికి వెళ్తుంటుంది. కథ కింద ఆఖరి ప్రశ్న: ఆమె మనసులో ఏముంది? అది అతనికి ఎందుకు తెలియడం లేదు?

చదవగానే అతని గుండె చెరువైంది. ఇంత దగ్గరగా చూసి రాసిందంటే ఇది ఆమె సొంత కథే. ఆ అదృష్టవంతుడు ఇంకెవరు, స్కూటరాయనే! పళ్లు బిగించి గడియారాల మనిషికి ఆరడుగుల ఎత్తు, మూరెడు మీసం గీసి పంపేశాడు. అటునుంచి అటే పెద్దమేడమ్ దగ్గరికి వెళ్లి, తనని లెక్కల పుస్తకానికి మార్చమని అడిగాడు. త్రికోణాలకి మనసుండదు కదా.

ఆ మంగళవారం పంతులమ్మ అతని బల్ల దగ్గరికి రాలేదు. బొమ్మ వెనక్కి వచ్చింది, దానికో చీటీ గుచ్చి ఉంది. 'బాగుంది. మార్పులేమీ లేవు.' తొమ్మిది బొమ్మలకి తొమ్మిదిసార్లు పోట్లాడిన మనిషి రాసిన మాటలేనా ఇవి?

"బడిలో పాత ఉద్యోగం ఉందట, అక్కడికే వెళ్లిపోతానంటోంది. రేపే ఆఖరి రోజు. ఏమైందంటే ఏమీ లేదంటుంది. ఆ బొమ్మా రేపు పదకొండింటికి ప్రెస్సుకి పోవాలి," అంది పెద్దమేడమ్, అతని వైపు అదోలా చూస్తూ.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ కళ్లజోడు పెట్టుకుని, బల్ల మీదున్న ఆ కథ చదివేసింది.

"ఒరేయ్, నీ కథ పుస్తకంలోకి ఎవరెక్కించార్రా?"

"నా కథేమిటమ్మా? ఆవిడకి కాబోయే ఆయన కథ."

"నీ చేతిలో ఏముందో చూసుకో."

చూసుకున్నాడు. అమ్మ కోసం వలుస్తున్న కమలా తొన. ఒక్క పీచు లేదు.

"పెన్సిల్ చెక్కేటప్పుడు ఏమంటావు?"

"నేనేమంటాను?"

"'కాస్త ఓర్చుకో' అంటావు. ఆరేళ్లప్పట్నుంచీ అంటున్నావు. దీపం కిందే చీకటని ఊరికే అన్నారా! ఊళ్లోవాళ్లందరి బొమ్మలూ గీస్తావు, నువ్వెలా ఉంటావో నీకు తెలీదు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. తొమ్మిది బొమ్మలూ కళ్ల ముందు తిరిగాయి. జడ, గుండీ... వాటిలో ఏడింటిని పెద్దమేడమ్ ముందే పాస్ చేసేసింది! తప్పులేని బొమ్మలు పట్టుకుని పంతులమ్మ ఎందుకు వచ్చినట్టు?

"అమ్మా, నేను ఆ బొమ్మలో ఇంకెవరినో గీసి పంపేశాను."

"అయితే ముందెళ్లి ఆ మీసం చెరుపు," అంది అమ్మ.

తెల్లారి అద్దం ముందు కూర్చుని, తన ముఖం తనే గీసుకున్నాడు. అంత కష్టమైన బొమ్మ అతను జన్మలో గీయలేదు. వానలో కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని పరిగెత్తుకుంటూ ఆఫీసుకి చేరేసరికి పదిన్నరైంది. పంతులమ్మ తన బల్ల మీది పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది.

"బొమ్మ తప్పు గీశానండీ."

"తప్పేం లేదు. నాకు అర్థమైంది," అంది తలెత్తకుండా. "ఇష్టం లేదని ముఖం మీద చెప్పలేక, మా అక్క మొగుణ్ణి గీసి పంపారు. మర్యాదగానే చెప్పారులెండి."

"అక్క మొగుడా!"

"మరెవరనుకున్నారు? పక్క వీధిలో ఆయన ఆఫీసు, రోజూ నన్ను ఇంటి దగ్గర దింపుతారు. ఇక్కడ అందరికీ తెలుసు."

"నాకు తెలీదండీ! మీరు చేసుకోబోయేది ఆయన్నే అనుకున్నాను. ఆ కథ చదివి మూడు రోజులు అన్నం సయించలేదు. లెక్కల పుస్తకానికి పోతానని కూడా అడిగాను."

ఆమె చేతిలో పుస్తకం అలాగే ఆగిపోయింది. "అసలు ఆ కథలో మీసమెక్కడుందండీ?"

"లేదు. నా భయంలో ఉంది," అంటూ చొక్కా లోపలి కాగితం తీసి ఇచ్చాడు. "ఇదీ అసలు బొమ్మ. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మొదటి పోట్లాట నుంచీ."

ఆమె ఆ బొమ్మని చూసింది. తర్వాత అట్టపెట్టె పక్కనే కూర్చుని, రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందని అతను కంగారుపడ్డాడు. చేతులు తీసేసరికి నవ్వు, కన్నీళ్లు రెండూ ఉన్నాయి.

"నేనూ తప్పే చదివాను కదండీ," అంది. "ఆరేళ్లు పిల్లలకి ఇదే పాఠం చెప్పి, ఒక్క మీసానికి బెదిరి పారిపోబోయాను."

"మీ ఇద్దరి పరీక్షలూ అయ్యాయా?" పెద్దమేడమ్ గుమ్మంలో నిలబడి గడియారం చూపిస్తోంది. "ప్రెస్సువాళ్లు నన్ను తినేస్తున్నారు. ఇంతకీ ఏ ముఖం పంపమంటారు?"

"ఏదీ వద్దు మేడమ్," అంది పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ. "గడియారాల మనిషి అటు తిరిగి కూర్చున్నట్టు గీస్తారు. ముఖం పిల్లలే వెతుక్కుంటారు."

"మరి ఈ బొమ్మ?" అని అడిగాడు అతను.

"ఇది పుస్తకానికి కాదు, నాకు," అని దాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

పదకొండుకి ఇంక పావుగంటే ఉంది. అతను గబగబా కాగితం పరిచి పెన్సిల్ పట్టుకుంటే, తొందరలో గీత వంకరపోయింది. ఆమె అట్టపెట్టెలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బల్ల మీద పెడుతోంది.

"నిదానంగా గీయండి," అంది. "నేనెక్కడికీ వెళ్లడం లేదు."