ఇంకా చిన్నదే

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన సన్నని వాన అప్పుడే వెలిసింది. గాలి లేదు, చూరు నుంచి చుక్కలు మాత్రం రాలుతున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి, కుందేలుకు గడ్డి వేద్దామని కుట్టుమిషను గదిలోకి వెళ్లిన చిన్నకూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. మిషను కింద బోనులో, ముఖమలు ముక్కల బుట్టలో, తెల్లకుందేలు తన రొమ్ము బొచ్చు పీకి పరుచుకున్న పక్క మీద రెండు పిల్లలు ఉన్నాయి. రెండూ బాగా బలిసి, చల్లగా, కదలకుండా ఉన్నాయి. తల్లి వాటిని నాకుతోంది, ముక్కుతో తోస్తోంది, మళ్లీ నాకుతోంది.

పాలు పొంగి మాడిన వాసనకు తండ్రి లేచి వచ్చాడు. కోట్లు కుట్టడంలో పేరు మోసిన దర్జీ ఆయన. చూపు మందగించి పని మానుకున్నా, ఆమె బట్టలు మాత్రం ఇప్పటికీ తనే కుడతాడు. కుందేలు కడుపుతో ఉన్న సంగతి ఆయనకు తెలియదు. ఒళ్లు చేసిందని మురిసిపోయి మరో రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టేవాడు.

ఇదెలా జరిగిందని అడిగాడు. దాచి లాభం లేక ఆమె చెప్పేసింది. కళ్లజోళ్ల దుకాణంలో ఆమెతో పాటు అద్దాలు అరగదీసే అతని ఇంట్లో మగకుందేలు ఉంది. నెల కిందట, తండ్రి పెద్దకూతురి ఇంటికి వెళ్లిన పూట, దీన్ని సంచిలో పెట్టుకుని అక్కడికి తీసుకువెళ్లింది. చెప్పనిది ఇంకొకటి ఉంది. అతను ఈ ఆదివారం వేరే ఊళ్లో సొంత దుకాణం పెట్టుకోవడానికి వెళ్లిపోతున్నాడు. తనతో వస్తుందో రాదో ఆలోగా చెప్పమన్నాడు.

"పసిదాన్ని తీసుకెళ్లి మగదాని ముందు పడేశావా? దాని పిల్లల్ని చేతులారా పొట్టన పెట్టుకున్నావు కదే."

"పసిది కాదు నాన్నా."

"దానికేం తెలుసు? ఇంకా చిన్నది."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. అక్క పెద్దది గనుక ఇంట్లో ఆమెను అందరూ చిన్నది అనేవారు. పిలుపుగా మొదలైన మాట క్రమంగా కారణంగా మారింది. చదువు పూర్తయిన ఏడు ఒక సంబంధం వచ్చింది. తొందరేముంది, ఇంకా చిన్నది అన్నాడు తండ్రి. తల్లి పోయాక మరొకటి వచ్చింది. అప్పుడూ అదే జవాబు. ఇప్పుడామెకు ముప్ఫై ఏడు. నేటికీ ఆమె బట్టల అంచుల్లో ఆయన నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడతాడు, పెరిగే పిల్లకు వదులుంచాలి కదా అని.

"నీ ఎదురుగానే డాక్టరమ్మతో చెప్పిస్తాను, పద," అని తండ్రి చొక్కా తొడుక్కున్నాడు.

పశువుల డాక్టరమ్మ కుందేలు పొట్ట తడిమి, లోపల ఇంకేమీ మిగల్లేదని నిర్ధారించుకుని, గుడ్డలో చుట్టి తెచ్చిన పిల్లల్ని దీపం కింద తిప్పి చూసింది. తండ్రి మగకుందేలు సంగతంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ అడ్డుపడకుండా విని, నిదానంగా వివరించింది. తొలిచూలు పిల్లలు దక్కకపోవడం అరుదు కాదు. కొన్ని తల్లులు బెదిరి గూటి బయట ఈనుతాయి, పిల్లలు చలికి పోతాయి. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. ఇవి మాత్రం ఊపిరే తీసుకున్నట్టు లేదు. కడుపులో రెండే కావడంతో బాగా పెరిగాయి. తల్లికేమో ఒళ్లంతా కొవ్వు. కాన్పు కష్టమై, ఆలస్యమై, మధ్యలోనే పోయి ఉంటాయి.

"దీని వయసెంత?"

"చిన్నదేనమ్మా," అన్నాడు తండ్రి.

"నాలుగు దాటింది," అంది కూతురు.

"కుందేలుకి నాలుగంటే నడివయసండీ. ఏడాది లోపు అయ్యుంటే వేరు. ఇంత ఆలస్యంగా మొదటిసారి జత కట్టించకూడదు. బోనులోంచి ఎప్పుడైనా బయటికి వదిలేవారా?"

"వీధి నిండా పిల్లులమ్మా. అయినా నేను దానికేం తక్కువ చేశాను? నా చేత్తో పెట్టాను అన్నీ."

"తక్కువ చెయ్యలేదు," అంది ఆవిడ చేతులు కడుక్కుంటూ. "ఎక్కువే చేశారు."

ఇద్దరూ ఇల్లు చేరారు. పెరట్లో గుంట తీసి పిల్లల్ని పూడ్చి వచ్చాక ఆమే మొదలుపెట్టింది.

"నా తప్పు నాది నాన్నా. వయసు మించాక తీసుకెళ్లాను, తెలుసుకోకుండా. కానీ చిన్నది చిన్నది అంటూ అన్నేళ్లు బోనులో ఉంచింది నువ్వు."

"కుందేలు గురించేనా నువ్వనేది?"

"కాదు." ఆదివారం సంగతి అప్పుడు చెప్పింది.

తండ్రి మిషను ముందు కూర్చున్నాడు. చక్రం మీద చెయ్యి వేశాడు, తిప్పలేదు.

"నువ్వు పెరగడం ఆగి ఎన్నేళ్లయిందో నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. "నీ కొలతలు తీసేది నేనేగా."

ఆమె ఆ మాటకు సిద్ధంగా లేదు. తెలియక చేశాడనుకుని ఇన్నేళ్లూ క్షమిస్తూ వచ్చింది.

"తెలిసీనా?"

"మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగేదానివి నువ్వొక్కదానివే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ అద్దాలు ఆమె అరగదీసినవే. కోపం తగ్గలేదు గాని, ఆమె చేయి దానంతటదే ఆయన భుజం మీదికి వెళ్లింది. ఆయన ఆ చేతిని పట్టుకుని, ఆపకుండా, వదిలేశాడు. ఆమె అన్నం వండి, మూత పెట్టి, తిన్నాక గిన్నెలు నానబెట్టమని చెప్పి, దుకాణానికి వెళ్లింది.

ఆ ఏడే ఆమెకూ అతనికీ పెళ్లయింది. పిల్లలు కలగలేదు. ఎందుకని తండ్రి ఎన్నడూ అడగలేదు.