నల్ల కారులో చప్పుడు

ఉదయం ఏడు గంటలకి డ్రైవరుగారు వంటింటి గుమ్మంలో నిలబడి, చేతి గడియారాన్ని ఒకసారి కుడి చెవికి, ఒకసారి ఎడమ చెవికి ఆనించుకుని వింటున్నారు. పొయ్యి దగ్గరున్న భార్య అది చూసి గరిట తిప్పడం ఆపింది.

"గడియారం ఆగిపోయిందా?"

"లేదు. కొళాయి కారుతోందా?"

"అది కారబట్టి ఆర్నెల్లయింది. ఇవాళ కొత్తగా అడుగుతారేంటి?"

"నీకు వినిపిస్తోందా అని."

"నాకు వినిపించకేం? బాగుచేయించాల్సిన వాళ్ళకే వినిపించదు."

ఆమె ఎప్పటిలాగే దెప్పింది. ఇంకెప్పుడైనా అయితే ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవారు. ఇవాళ మాత్రం ఆ మాట ముల్లులా దిగబడింది. "క్షవరం చేయించుకొస్తా" అని చొక్కా తొడుక్కుని బయల్దేరారు. పోయిన వారమే చేయించుకున్నారు కదా అని ఆమెకు గుర్తొచ్చేసరికి ఆయన వీధి మలుపు దాటిపోయారు.

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ డ్రైవరుగారే. ఒక పెద్ద కంపెనీ యజమాని దగ్గర ముప్పై నాలుగేళ్ళు కారు నడిపారు. ఇంజిన్ చప్పుడంటే చెవి కోసుకుంటారు. బానెట్ ఎత్తకుండానే, పక్కన నిలబడి విని, జబ్బేమిటో చెప్పేవారు. ఆ విద్యనే కొడుక్కి చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పారు. ఇప్పుడు ఆ కొడుక్కి సొంతంగా మెకానిక్ షెడ్డు ఉంది. తండ్రి చెవే వాడికి ఆస్తి అని తోటి మెకానిక్కులు అసూయపడేవారు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టి, పెద్దాయన ఒక కోరిక బయటపెట్టారు. పాతదైనా సరే, యజమాని కారులాంటి పెద్ద కారు ఒకటి కొనాలని. కొత్తప్పుడు మేడ కట్టేంత ధర పలికిన కార్లు, పదిహేనేళ్ళు తిరిగేసరికి చిన్న కొత్త కారు ధరలో సగానికి దొరుకుతాయి. దిగేది ధరే గానీ పోషణ కాదు. ఆ సంగతి తండ్రీకొడుకులకు వేరే ఎవరో చెప్పక్కర్లేదు. అందుకే మూడు నెలలుగా ప్రతి ఆదివారం కార్లు చూడ్డమే పని. వెండి రంగు దాని తలుపులకి అయస్కాంతం అంటుకోలేదు, లోపలంతా లప్పమే. నీలం రంగుది పొద్దున్నకల్లా వెనక్కి కుంగి, లేవలేని ముసలి ఏనుగులా కూర్చుంది. ఇంకోదానికి కాగితాలు లేవు. వడపోయగా వడపోయగా చివరికి రెండు మిగిలాయి, ఒకటి మెరూను, ఒకటి నలుపు.

మెరూను కారు అద్దంలా మెరుస్తుంది. ఏ మీట నొక్కితే అది పనిచేస్తుంది. కానీ ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున తెల్లగా మీగడ కట్టింది, అంటే ఇంజిన్‌లోకి నీళ్ళు దిగుతున్నాయన్నమాట. నల్లది ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ది, చనిపోయిన భర్త వాడుకున్నది. తోలు సీట్లు పగుళ్ళిచ్చాయి, ఒక తలుపు మీద గీత. కానీ కొన్న రోజు నుంచి ఏ నెలలో ఏం మార్చారో ఆ భర్త గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో రాసిపెట్టాడు. డ్రైవరుగారు ఆ పుస్తకాన్ని నిలబడే చివరిదాకా చదివారు. ఆయన మనసు అక్కడే పడిపోయింది.

సరిగ్గా అప్పుడే కొడుకు ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ మీద చెయ్యి పెట్టి, మొహం అదోలా పెట్టాడు.

"వినిపిస్తోందా నాన్నా?"

"ఏంటి?"

"లోపల్నుంచి టక్ టక్‌మని కొడుతోంది. బేరింగులు పోయాయి. ఇంజిన్ మొత్తం దించాల్సొస్తుంది."

ఆయన చెవి ఒగ్గి విన్నారు. కింద కూర్చుని విన్నారు. సైలెన్సర్ వైపు వెళ్ళి విన్నారు. ఇంజిన్ కడుపునిండా తిన్న పిల్లిలా గురగురమంటోంది తప్ప ఇంకేమీ లేదు. కొడుకు మొహంలోకి చూశారు. వాడు తల పంకిస్తూ, "అంత గట్టిగా కొడుతుంటే వినిపించట్లేదా?" అన్నాడు.

"ఆఁ, వినిపిస్తోంది" అన్నారాయన. కొడుకు ముందు పరువు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఆడిన అబద్ధం అది. ఆ రోజు నుంచే గడియారం చెవికి ఆనించుకోవడం మొదలైంది.

క్షవరమని చెప్పి వెళ్ళింది చెవుల డాక్టరు దగ్గరికి. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, ఎంత సన్నని చప్పుడు వినిపించినా బొత్తాం నొక్కమన్నారు. ఆయన నొక్కుతూ పోయారు. బయటికొచ్చాక డాక్టరమ్మ గీతల కాగితం చూపించి నవ్వింది.

"మీ వయసు తప్పు రాసుకున్నామేమో అనుకున్నాను. కుర్రాళ్ళకి ఉండవండీ ఇలాంటి చెవులు. అసలెందుకొచ్చారు?"

ఆయనకు సంతోషం కలగాలి. కలగలేదు. చెవులు బాగుంటే, మరి ఆ చప్పుడు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి కాకుండా తిన్నగా హెడ్మిస్ట్రెస్ ఇంటికి నడిచారు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూపిస్తారా అమ్మా?"

ఆవిడ తాళం తిప్పింది. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్, ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, వణుకు లేదు. పది నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. టక్ లేదు, టిక్ లేదు.

"మా అబ్బాయి ఏదో చప్పుడుందన్నాడు" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు వస్తారనే చూస్తున్నాను. మీరు చూడ్డానికొచ్చిన ముందురోజే మీ అబ్బాయి ఒక్కడే వచ్చాడు. ఇంజిన్ పాడైందని మీతో నన్ను చెప్పమన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పినదాన్ని, ఈ వయసులో నా వల్ల కాదు బాబూ అన్నాను. అయితే నేనే చెప్పుకుంటాలెండి అన్నాడు."

డ్రైవరుగారు కారు మీద చెయ్యి ఆనించారు. ముప్పై నాలుగేళ్ళలో యజమాని తిట్టిన రోజులున్నాయి, చెయ్యని తప్పుకి తల దించుకున్న రోజులున్నాయి. ఏ రోజూ ఇంతగా చిన్నబోలేదు.

ఆదివారం మధ్యాహ్నం కొడుకూ కోడలితో కలిసి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఆ నల్ల కారులో చప్పుడు ఎలా ఉంటుందో ఇంకోసారి చెప్పరా."

"ఇంకా దాని గోలేనా నాన్నా? చెప్పాగా."

"నోటితో చేసి చూపించు. నాకు సరిగ్గా గుర్తు లేదు."

కొడుకు విసుగ్గా తల్లి వైపు చూసి, "టక్... టక్... టక్" అన్నాడు.

"బాగా చేశావు. కారు కూడా ఇంత బాగా చెయ్యలేదు." జేబులోంచి కాగితం తీసి కొడుకు కంచం పక్కన పరిచారు. "ఇది నా చెవుల పరీక్ష. ఆ టీచరమ్మతో కూడా మాట్లాడి వచ్చాను."

కొడుకు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. కోడలు తల దించుకుని, "చెప్పేద్దామని నేను మొదటిరోజే అన్నాను మావయ్యగారూ" అంది మెల్లగా. అంటే ఆ పిల్లకీ తెలుసు. ఇంట్లో తెలియనివాడు తనొక్కడే.

"వాణ్ణేమీ అనకండి" అంది భార్య. "నేనే చెప్పమన్నాను. ఆర్నెల్ల కింద కళ్ళ డాక్టరు మిమ్మల్ని బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. మీకు పక్కచూపు తగ్గిపోతోందట. ఇక స్టీరింగ్ పట్టుకోకూడదట. ఆ మాట మీతో చెప్పడానికి నాకు నోరు రాలేదండీ. కారు కొంటే నడపకుండా ఉంటారా? అందుకే ఏ కారు చూసినా ఏదో ఒక వంక పెట్టమన్నాను."

"నిజమైన వంకలున్నన్ని రోజులు ఇబ్బంది లేకపోయింది" అన్నాడు కొడుకు. "అది మంచి కారు. దానికి వంక దొరకలేదు."

"అందుకని నాకు పెట్టావన్నమాట."

పెద్దాయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని కొడుక్కి అనిపించింది.

"నా కళ్ళ సంగతి మీ డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదనుకున్నారా? ఎడమ పక్క నుంచి మనుషులు ఉన్నట్టుండి ఊడిపడుతున్నారు. గేటు స్తంభానికి స్కూటర్ గీసుకున్న రోజే తాళం పెట్టెలో పడేశాను. నడక ఆరోగ్యమని మీకు చెప్పాను. నేనూ దాచాను, ఒప్పుకుంటాను. కానీ నేను దాచింది నా జబ్బు. మీరు నాకు లేని జబ్బు అంటగట్టారు."

"నాన్నా..."

"కళ్ళు పోతున్నాయని తెలిసి కూడా గుండె దిటవు చేసుకునే ఉన్నానురా. చెవులున్నాయి కదా అనుకున్నాను. ఆ చెవులు కూడా నువ్వే లాగేసుకున్నావు. వాటితోనే కదరా నీకు పని నేర్పింది? రెండు వారాలు నేను గడియారం చెవికి పెట్టుకుని తిరిగాను. పిచ్చివాడిలా తిరిగాను. నమ్మించి గొంతు కోశావు."

ఆ చివరి మాటకి భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కొడుకు ఒక్క ప్రశ్న అడగగలిగాడు.

"నడపలేనని నీకే తెలిస్తే, మరి కారు ఎందుకు నాన్నా?"

"ఈ ప్రశ్న మూడు నెలల కింద అడగాల్సింది." ఆయన లేచి నిలబడ్డారు. "ముప్పై నాలుగేళ్ళు వెనక తలుపు తీసి పట్టుకున్నాను. ఎవరెవరో ఎక్కారు. ఒక్కసారి మీ అమ్మకి తీసి, తర్వాత నేనూ ఎక్కి పక్కన కూర్చుందామనుకున్నాను. ముందు నువ్వుంటావనుకున్నాను. అంతే."

చెయ్యి కడుక్కోవాల్సిన పని కూడా లేకుండా ఆయన గదిలోకి వెళ్ళిపోయారు. కొడుకు కంచం ముందే తల పట్టుకుని ఏడ్చాడు. నాలుగు రోజులు ఆ ఇంట్లో అన్నం వండారు, వడ్డించారు, తిన్నారు. మాటలే లేవు. భార్య పక్కకొచ్చి కూర్చుంటే ఆయన జరిగి చోటిచ్చేవారు గానీ పలికేవారు కాదు. నాలుగో రోజు ఆమె, "నా మీద కోపంతో నాకూ తలుపు తియ్యరా ఇక?" అంది. ఆయన మొహం తిప్పుకున్నారు. అయితే కళ్ళు తుడుచుకోవడానికే తిప్పుకున్నారని ఆమె గ్రహించింది.

ఆ వచ్చిన ఆదివారం కొడుకు హెడ్మిస్ట్రెస్‌కి క్షమాపణ చెప్పి, గంటసేపు వాడుకుంటానని నల్ల కారు అడిగి తెచ్చి వాకిట్లో ఆపాడు. హారన్ కొట్టే ధైర్యం లేక లోపలికొచ్చి నిలబడ్డాడు. "ఒక్కసారి రా నాన్నా. నువ్వు వద్దంటే తిరిగిచ్చేస్తా."

పెద్దాయన చెప్పులేసుకున్నారు. వాకిట్లోకొచ్చి, కారు వెనక తలుపు తీసి పట్టుకుని భార్య వైపు చూశారు. ఆమె ఇంట్లో కట్టుకున్న చీరతో ఆ కారు ఎక్కడమేమిటని మొహమాటపడుతూనే ఎక్కింది. ఆయన చుట్టూ తిరిగొచ్చి ఎడమ పక్కన కూర్చున్నారు. కారు మెయిన్ రోడ్డెక్కింది. వంతెన దాటాక ఆయనే నోరు విప్పారు.

"ఎడమ వెనక చక్రం. గొణుగుతోంది."

కొడుకు అద్దం దించి, తల వంచి విన్నాడు. ఏమీ లేదు. పగ తీర్చుకుంటున్నారా, నిజంగానే అంటున్నారా? తండ్రి మాట నమ్మాలో వద్దో తెలియకపోవడం ఎలా ఉంటుందో వాడికి అప్పుడు తెలిసింది. గడియారం చెవికి పెట్టుకున్న ఆ రెండు వారాలూ ఆ మనిషి ఈ అయోమయంలోనే బతికాడు.

"నాకేం వినిపించట్లేదు నాన్నా. నిజంగా వినిపించట్లేదు."

"బండి పక్కకి తీసి చూడు."

చెట్టు నీడలో ఆపి జాకీ ఎక్కించాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. వెంట్రుకవాసి కదిలింది. చెవి దాదాపు చక్రానికి ఆనించి తిప్పితే, అప్పుడు వినిపించింది, సన్నగా, ఇసుక నలిగినట్టు. వాడు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. మసి చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

"ఉంది నాన్నా. బేరింగే. నువ్వు చెప్పిందే. నన్ను క్షమించు."

ఆయన దిగి వచ్చి పక్కన నిలబడ్డారు. వంగి, కొడుకు తల మీద చెయ్యి వేశారు.

"చాల్లే, లే. మొహమంతా మసి చేసుకున్నావు. గంట పని, రేపు మార్చేద్దువుగాని. టీచరమ్మకి ఈ కారు మనదేనని చెప్పు."

వెనక సీట్లోంచి భార్య వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కొడుకు స్టీరింగ్ ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, తాళం తిప్పాడు.

"ఎటు పోనివ్వను నాన్నా?"

"ఎటైనా సరే" అన్నారు డ్రైవరుగారు. "నువ్వు చూసి నడుపు. నేను వింటూ ఉంటాను."