ఒకటీ నలభైకి మూడో నంబరు

సెల్లారులోని సర్వర్ రూముకి రాత్రిపూట వెళ్ళిరమ్మంటే ఆ ఆఫీసులో ప్రతివాడికీ ఉన్నట్టుండి ఇంట్లో పని గుర్తొచ్చేది. పగలు పర్వాలేదు. పగలు అది పటాలు గీసే ఆఫీసు తాలూకు యంత్రాలుండే మామూలు చల్లటి గది. రాత్రి ఒంటిగంట దాటిందంటే మాత్రం... ఆ గదిలో చచ్చిన యంత్రం ఒకటి మేతకి లేస్తుందని చెప్పుకునేవాళ్ళు.

యంత్రం చచ్చిందన్న మాట అబద్ధం కాదు. ఆ గదిని పదిహేనేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న పెద్దాయన కిందటేడు నిద్రలోనే పోయాడు. ఆయన వాడుకున్న పాత సర్వరుని ఆ వారంలోనే ఆపేశారు. బయట పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పక ర్యాకులోనే వదిలేశారు.

ఏ యంత్రం ఎంత కరెంటు తింటోందో చూపించే తెర ఒకటి ఆ గదిలో ఉంది. ఆ తెరమీద, ఆపేసిన యంత్రం పేరుకి ఎదురుగా, రోజూ రాత్రి ఒకటీ నలభైకి అంకె లేచేది. యాభై... నూట ఇరవై... మూడు వందల పది వాట్లు. నాలుగింటికల్లా మళ్ళీ పడుకునేది.

ఒకటీ నలభై అంటే... రాత్రి డ్యూటీల్లో పెద్దాయన టీ తాగే టైము.

ఈ కథ నాకు చెప్పింది మీటరు. అతని నడుముకి ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు ఒకటి వేలాడుతుంటుంది, అందుకని ఆ పేరు. పెద్దాయన తర్వాత ఆ గది అతని చేతికొచ్చింది. తన ధైర్యం గురించి అతను చెప్పినదాంట్లో సగం తీసేసి మీకు చెబుతున్నాను. మిగిలినదాంట్లో కూడా సగమే నమ్మండి.

కొత్తగా వచ్చిన మేనేజరు మేడంకి దెయ్యాల మీద నమ్మకం లేదు. దొంగల మీద ఉంది.

"ఆపేసిన యంత్రం కరెంటు తినదు. దాని సాకెట్లో ఎవరో రాత్రిపూట ఇంకేదో పెట్టుకుంటున్నారు. ఎవరో కనుక్కోండి," అంది.

మీటరు చురుకైనవాడు, ఆ సంగతి అతనే నాకు చెప్పాడు. గంటలో రెండు కాయితాలు తెచ్చి ఆవిడ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి కరెంటు లెక్క. రెండోది తలుపు దగ్గర కార్డు చూపించి లోపలికెళ్ళినవాళ్ళ జాబితా. ఒకటీ నలభై, ఒకటీ నలభై రెండు, ఒకటీ ముప్ఫై తొమ్మిది... రోజూ ఆ టైముకి లోపలికెళ్ళేది ఒక్కడే, వాచ్‌మన్ తాత. రెండు కాయితాలూ అతికినట్టు సరిపోయాయి. మీటరు తన భుజం తానే తట్టుకున్నాడు.

మేడం తాతని పిలిపించింది.

"అర్ధరాత్రి ఆ గదిలో ఏం చేస్తారు?"

"ఏం లేదమ్మా... కాసేపు నిలబడతాను."

"ఊరికేనా?"

తాత తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "ఊరికేనమ్మా."

ఆ జవాబుకి ఏ మేనేజరైనా ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది. రేపు పదింటికి తాత కార్డు తీసేసుకుని ఇంటికి పంపెయ్యాలని కాయితం తయారు చేసింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని ఇక్కణ్ణుంచి పొమ్మంటే ఇంకెక్కడా కుర్చీ వేసి కూర్చోబెట్టరు.

సాయంత్రం మీటరు బయటికొచ్చేసరికి తాత అతని స్కూటరు సీటు తువ్వాలుతో తుడుస్తున్నాడు. రోజూ తుడుస్తాడు. ఆ రెండు కాయితాలూ పెట్టిందెవరో ఆయనకి తెలీదు.

"వానొచ్చేలా ఉంది బాబూ, జాగ్రత్తగా వెళ్ళండి."

మీటరు స్కూటరు ఎక్కకుండా గేటుదాకా తోసుకుంటూ వెళ్ళాడు. ఇంటికెళ్ళాక భార్యతో చెప్పాడు.

"తాత ఏదైనా పెట్టుకుంటుంటే మీరు కళ్ళతో చూశారా?" అని అడిగింది ఆవిడ.

"లెక్క చెబుతోందే."

"మన హాల్లో ఫ్యాను స్విచ్చు నొక్కితే వంటింట్లో లైటు వెలుగుతుంది. ఆ లెక్కన మనింట్లోనూ దెయ్యమున్నట్టే."

"అది... తర్వాత సరిచేస్తానన్నాగా."

"అనబట్టి నాలుగేళ్ళయింది. ముందు ఆ ముసలాయన సంగతి చూడండి."

మీటరు మేడంకి ఫోను చేసి ఒక్క రాత్రి గడువు అడిగాడు. పదింటిలోపు అసలు సంగతి తేలకపోతే తాత వెళ్ళిపోవాల్సిందేనంది ఆవిడ.

రాత్రి పన్నెండింటికి మీటరు సర్వర్ రూములో కూర్చున్నాడు. ఎదురుగా తెర. తెర వెనక ర్యాకు. ఆ గది లైట్లకో గుణం ఉంది: మనిషి కదులుతుంటే వెలుగుతాయి, రెండు నిమిషాలు కదలకపోతే ఆరిపోతాయి. అంచేత అప్పుడప్పుడూ చెయ్యి ఊపుతూ కూర్చున్నాడు. ఎవరూ లేని గదిలో ఎవరికో టాటా చెబుతున్నట్టు ఉందని అతనికే అనిపించిందట. ర్యాకు వెనక సందులో లైటు ఎప్పుడో పోయింది. అది మార్చడం కూడా మీటరు పనే.

ఒకటిన్నరకి లేచి వెళ్ళి, ఆపేసిన యంత్రం తీగని మూడో నంబరు సాకెట్లోంచి పీకేశాడు. ఆ సాకెట్లో ఇంకేమీ లేదు. పీకిన తీగ కొస ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక ఎలా తింటుందో చూద్దాం అనుకున్నాడు.

ఒకటీ ముప్ఫై ఎనిమిది...

ఒకటీ ముప్ఫై తొమ్మిది...

తెరమీద ఇరవైనాలుగు వరసలున్నాయి. అతని చూపు మూడో వరస దాటలేదు.

ఒకటీ నలభై.

మూడో వరసలో అంకె కదిలింది. యాభై.

మీటరు ఒళ్ళో ఉన్న తీగని చూశాడు. అది అక్కడే ఉంది.

నూట ఇరవై...

నడుము మీటరు తీసి తీగకి తగిలించాడు. సున్నా చూపించింది. తలెత్తి తెర చూశాడు — మూడు వందల పది.

పదేళ్ళుగా యంత్రాలకి నాడి పట్టుకు చూస్తున్న మనిషి. ఒళ్ళో ఉన్న ప్రాణం లేని తీగ మూడు వందల పది వాట్లు తింటోంది.  కదలలేదు, మెదలలేదు... అంత బిగుసుకుపోయి ఎంతసేపు కూర్చున్నాడో ఏమో—

టప్పున లైట్లు ఆరిపోయాయి.

చీకట్లో తెర వెలుగు ఒక్కటే. ర్యాకు వెనకనుంచి, కింద ఎక్కడో, ఊపిరి పీలుస్తున్నట్టు చప్పుడు. అది నెమ్మదిగా పెరిగింది. వెనక తలుపు దగ్గర కార్డు చూపించిన కూత వినిపించింది. ఎవరో గొంతు సవరించుకున్నారు... పెద్దాయన సవరించుకున్నట్టే. కాళ్ళు ఈడుస్తున్న అడుగులు ర్యాకు వెనకదాకా వచ్చి ఆగాయి.

"వచ్చావా..."

గుసగుసగా, ఆప్యాయంగా ఉంది ఆ గొంతు. ఆ ఆప్యాయతకే మీటరుకి వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది.

 ఏ సాకెట్టునైనా తెరమీంచే ఆపెయ్యొచ్చు, ఆ మీట ఉంది. మూడో నంబరు దగ్గర నొక్కాడు.

ఊపిరి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

నిశ్శబ్దం... తర్వాత ర్యాకు వెనకనుంచి బాధగా—

"ఆపేశావేంటి..."

మీటరు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పడ్డం కూడా కదలికే గనక లైట్లు వెలిగాయి. ర్యాకు సందులోంచి అవతల తాత కనిపించాడు. చలికాచుకునేవాడిలా రెండు చేతులూ ర్యాకు వైపు చాపి నిలబడున్నాడు.

 ముందు తేరుకున్నది తాతే. వచ్చి మీటరుని లేవదీసి, చొక్కాకంటిన దుమ్ము తువ్వాలుతో దులిపాడు.

"ఇక్కడేం చేస్తున్నావ్ తాతా?"

"మీరు నవ్వకపోతే చెబుతాను బాబూ. పెద్దాయన పోయిన కొత్తల్లో ఓ రాత్రి ఇటుగా వస్తే, అదిగో, అక్కడ కింద వెచ్చటి గాలి తగిలింది. టీకి రమ్మని ఆయన నన్ను పిలిచే టైముకే. ఊపిరి వదులుతున్నట్టే ఉంది. అప్పట్నుంచీ రోజూ వచ్చి కాసేపు నిలబడతాను. మోకాళ్ళకి సుఖం. ఆయనకి కబుర్లు చెప్పినట్టూ ఉంటుంది."

"మరి మేడం అడిగితే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను బాబూ? పోయినాయనతో మాట్లాడతానని చెప్పనా?"

మీటరు నవ్వలేదు. తాత గొంతు విని దెయ్యమనుకుని తాను కుర్చీలోంచి పడ్డాడు. నవ్వే అర్హత ఎక్కడిది?

అప్పుడు అతనికో అనుమానం వచ్చింది. తాత పైకి చూపించలేదు, కింద అన్నాడు. ఆపేసిన యంత్రం ర్యాకు పైన ఉంది. మరి ఇప్పుడు తను మీట నొక్కగానే ఊపిరి ఆగిపోయినదేది? వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. కింద, ఇరవైరెండో నంబరు స్టిక్కరున్న సాకెట్లో, రోజూ రాత్రి పటాలన్నిటికీ నకళ్ళు తీసి దాచే బ్యాకప్ యంత్రం. దీపాలారిపోయి ఉంది.

తను ఆపింది మూడు. ఆగింది ఇరవైరెండు.

గోటితో ఆ స్టిక్కరు గీకాడు. దాని కింద కంపెనీవాళ్ళు అచ్చేసిన అసలు నంబరు తలకిందులుగా బయటపడింది. మూడు.

ఒక్కో సాకెట్టు తినే కరెంటు కొలిచి తెరకి చెప్పే సాకెట్ల పట్టీని మూడేళ్ళ కిందట బిగించినవాడు మీటరే. తీగ అందక, తల కిందికీ తోక పైకీ పెట్టి బిగించేశాడు. అంకెలు తలకిందులయ్యాయని, వాటిమీద తన చేత్తో రాసిన స్టిక్కర్లు పైనుంచి వరసగా అంటించాడు. పట్టీకి ఆ సంగతి ఎవరు చెప్పారు? అది పాపం తన తల దగ్గర్నుంచే లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మిగతావన్నీ ఒకే జాతి యంత్రాలు, పగలూ రాత్రీ ఒకటే మేత, కాబట్టి తారుమారైనా తేడా తెలియలేదు. బ్యాకప్ యంత్రం తిన్నదంతా చచ్చినదాని పేరున రాశారు. తెరమీద బ్యాకప్ యంత్రం పేరుకి ఎదురుగా ఏడాదిగా సున్నా ఉంది. పని చేస్తూ ఏడాదిగా కటిక ఉపవాసం ఎలా ఉంటోందని ఎవరూ అడగలేదు. ఎక్కువ తినేవాణ్ణే లోకం చూస్తుంది.

దెయ్యం దొరికింది. దాని నడుముకి మీటరు వేలాడుతోంది.

బ్యాకప్ యంత్రాన్ని మళ్ళీ లేపి, పని మొదట్నుంచీ చేయించి, పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. వెచ్చటి గాలి వచ్చేదాకా తాత కూడా పక్కనే నిలబడ్డాడు.

పొద్దున్న పదింటికి మేడం గదిలోకి వెళ్ళేముందు మీటరుకి చాలా ఆలోచనలొచ్చాయట. పట్టీ పాడైందనొచ్చు. తెర తప్పు చూపిస్తోందనొచ్చు. పోయినాయన బిగించాడన్నా అడిగేవాళ్ళు లేరు. తలుపు బయట తాత, కార్డు మెళ్ళోంచి తీసి, చేత్తో పట్టుకుని సిద్ధంగా నిలబడున్నాడు.

"తప్పు నాదండీ," అన్నాడు మీటరు. మొత్తం చెప్పాడు, కుర్చీలోంచి పడ్డది తప్ప.

"అంటే ఆ ర్యాకుకి సంబంధించి నేను చూస్తున్న అంకెలన్నీ..."

"తలకిందులేనండీ."

ఆవిడ కాయితం చింపేసింది. లేచి తనే బయటికెళ్ళి, తాత చేతిలోని కార్డు తీసుకుని మళ్ళీ ఆయన మెళ్ళో వేసింది. తిరిగొచ్చి అడిగింది, "ఆ స్టిక్కర్లు ఎప్పుడు మారుస్తారు?"

"రేపు మార్చేస్తానండీ," అని, ఆవిడ చూపు చూసి నాలిక కరుచుకున్నాడు. "ఇవాళే."

ఆ రాత్రి తాత టార్చి పట్టుకుంటే మీటరు ఒక్కో స్టిక్కరూ పీకుతూ వచ్చాడు. అడుగున ఉన్నవి అందక, ర్యాకు పక్కనున్న రేకు విప్పాడు. దాన్ని విప్పడం అతనికదే మొదటిసారి.

రేకు లోపలివైపు చిన్న కాయితం అంటించి ఉంది. పెన్సిలుతో రాసిన గుండ్రటి చేతిరాత... పెద్దాయనది.

"పట్టీ తలకిందులు, నంబర్లన్నీ తారుమారు. స్టిక్కర్లు మారిస్తే పావుగంట పని. కుర్రాడికి చెప్పాను. రేపు మారుస్తానన్నాడు."

కింద వరసగా గీతలు. రేపు అన్నప్పుడల్లా ఒకటి గీసినట్టున్నాడు. పదకొండు.

పదకొండుసార్లు విన్న ఆ మాట మీటరుకి అప్పుడు గుర్తొచ్చింది. పదకొండుసార్లూ నవ్వుతూనే చెప్పాడు ఆ మనిషి. మీటరు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

"ఏం రాశాడు బాబూ?" అన్నాడు తాత. చదివి వినిపిస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "నాతోనూ అనేవాడు. వాడు చెబితే వినడు తాతా, ఏదో ఒకరోజు దడుచుకుంటే వింటాడు, అని."

 మీటరు జేబులోంచి పెన్సిలు తీసి పదకొండు గీతల మీదుగా అడ్డంగా కొట్టేశాడు. చివరి స్టిక్కరు పీకి, "అయిపోయింది సార్," అన్నాడు ఎవరితోనో.

కాళ్ళ దగ్గర్నుంచి వెచ్చగా, పొడుగ్గా ఓ ఊపిరి వచ్చింది.

టైము ఒకటీ నలభై. బ్యాకప్ మొదలైంది, అంతే. మీటరు నాతో మూడుసార్లు అన్నాడు, అంతే అని. మూడోసారి గొంతు తగ్గించి అన్నాడు.

మరి ఇంట్లో ఫ్యాను స్విచ్చు సంగతేమిటని అడిగాను.

"రేపు," అన్నాడు. అన్నాక, ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.