ఉత్త గాలికి ఎగిరిన గీత

"మీరు మళ్ళీ ఏదో పూసుకొచ్చారు," అంది దోమలమ్మ, నేను గదిలో కాలు పెట్టానో లేదో.

దోమలమ్మ అనేది మేం వెనకాల అనుకునే పేరు. ఎదురుగా మేడమ్. దోమ ఏ వాసనను ఎలా పసిగడుతుందో తేల్చడం ఆమె పరిశోధన. దోమ మూతి పక్కనుండే చిన్న పోగుకి వెంట్రుకకన్నా సన్నటి తీగ తగిలించి, ఒక్కో రసాయనం వాసన ఊదుతుంది. ఆ పోగులో వాసన పట్టే రకరకాల గ్రాహకాలుంటాయి. తాళం తన చెవికే తెరుచుకున్నట్టు, ఒక్కో గ్రాహకం తనకు నప్పే రసాయనానికే స్పందిస్తుంది. స్పందిస్తే తెరమీద గీత లేస్తుంది. ఆ తీగలూ తెరా చూసుకునే ఇంజనీర్ని నేను.

ఆమె ఎంచుకున్న గ్రాహకం ఆక్టెనాల్ అనే రసాయనానికి లేవాలి. ఉత్త గాలి ఊదితే గీత పడుకోవాలి. ఎవరు కూర్చున్నా పడుకునే ఆ గీత, నేను పక్కనుంటే మాత్రం ఉత్త గాలికీ ఎగిరి గంతేస్తోంది.

సెంటు మానేశాను. సబ్బు మార్చాను. తలకు నూనె మానేసి పిచ్చివాడిలా తయారయ్యాను. అయినా రోజూ అదే సాధింపు. ఒళ్ళు మండి, వాసన దోమకొస్తోందా మీకొస్తోందా అని అడిగేశాను. ఆమె నవ్వలేదు. శుక్రవారంలోగా కారణం తేలకపోతే పెద్దసారు నన్ను పక్క బిల్డింగ్‌కి మార్చేస్తారని చెప్పింది. ఎంత సాధించినా సరే, ఆమె పక్క కుర్చీ వదలడం నావల్ల కాదు. ఆమెకేమో పీడ వదులుతుందని సంబరంగా ఉన్నట్టుంది.

గురువారం సాయంత్రం వానలో తడుస్తూ, వాసన నమూనాలు పట్టే గాజు సీసాలతో ఆమె మా ఇంటికే వచ్చేసింది. మా వదిన ఇంకేదో అనుకుంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మరిది గుణగణాలు మొదలెట్టింది. మేడమ్ వింటేగా. నా చొక్కా చేతిని వాసన చూసి, తలుపునీ గోడనీ వాసన చూసుకుంటూ వెనక గదిలోకి నడిచింది.

అక్కడ వదిన పుట్టగొడుగులు పెంచే సంచులు వరసగా వేలాడుతున్నాయి. వాటి మధ్య తాడుమీద నా చొక్కాలు. వానాకాలం ఇంకెక్కడ ఆరేస్తాం?

ఆమె తల కొట్టుకుంది. "పుట్టగొడుగుల్లో ఆక్టెనాల్ బోలెడుంటుంది. దోమ మొదట్నుంచీ నిజమే చెబుతోంది. ఈ మాట ముందే చెప్పొచ్చుగా మీరు."

"మీరు సబ్బు గురించి అడిగారు. పుట్టగొడుగుల గురించి అడిగారా?" అన్నాను ఉక్రోషంగా. "పాపం, మీకు పీడ వదల్లేదు. ఇక నేను అక్కడే ఉంటాను."

"వదిలించుకోవాలంటే శుక్రవారం దాకా నోరు మూసుకుని ఊరుకునేదాన్ని," అంది ఆమె, నాకన్నా విసుగ్గా. "సారు ఇంకో ఇంజనీర్ని ఇస్తానన్నారు. నాకు మీరే కావాలన్నాను. అన్నీ నేనే విడమరిచి చెప్పాలా?"

ఆమె గబగబా చొక్కాలు తాడుమీంచి లాగి, ఇకనుంచి ఇవి తనింట్లోనే ఆరతాయని వదినతో చెప్పింది.

"చొక్కాలొక్కటే చాలా అమ్మాయ్, మనిషిని కూడా పంపించమంటావా?" అంది వదిన.

ఆమె ముఖం కందిపోయింది. చొక్కాలు గుండెకు హత్తుకుని ఒక్క క్షణం ఆలోచించింది.

"పంపండి. కాకపోతే ముందు బాగా ఉతకండి."