హోల్డాన్ లేని గొంతు

సూర్యాపేట దాటగానే దీనమ్మ ముంజేతికున్న మెలకువ కడియం చురుక్కుమంది. రెప్ప బరువెక్కినప్పుడల్లా అది అలా ఒకసారి చురక పెట్టి, మళ్ళీ పచ్చగా వెలుగుతుంది. పచ్చగా ఉన్నంతసేపూ డ్రైవరు మెలకువగా ఉన్నట్టే లెక్క. దసరాకి బెజవాడ వెళ్ళే పదకొండు బస్సుల దండలో ఆమెది ముందు బస్సు. బస్సుకీ బస్సుకీ ఎంత ఎడం ఉండాలో మార్గకేంద్రం చెబుతుంది. స్టీరింగూ బ్రేకూ మాత్రం ఇంకా మనిషివే.

"పోనీయ్ అమ్మాయ్, కోదాడ దాకా రోడ్డు నున్నగా ఉంది," అన్నాడు డాష్‌బోర్డులోని పెట్టెలోంచి మాటతోడు.

ఆ గొంతు నాగలింగానిది. ఏళ్ళ తరబడి ఆమె బస్సుకి ఆయనే కండక్టరు. రిటైరయ్యే ముందు మార్గకేంద్రంవాళ్ళు ఆయన్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాటలన్నీ యంత్రంలోకి పట్టుకున్నారు. మనిషి పోయినా మాటలు డ్యూటీకి వస్తూనే ఉన్నాయి.

ఆయన ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కాలిపోయే ఇంజను బానెట్ మీద తువ్వాలు మడిచి వేసుకుని కూర్చునేవాడు. పెళ్ళాం చేసిన గోంగూర దగ్గర మొదలుపెడితే డిపో మేనేజరు నడక దాకా కబుర్లే. మాటల మధ్యలోనే ఆమె కళ్ళకేసి చూసేవాడు. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, రేకు మీద రెండు దెబ్బలు వేసి "హోల్డాన్!" అని అరిచేవాడు. పండగ జనంతో కిక్కిరిసిన బస్సు ఏ వేపచెట్టు కిందో ఆగేది. ఎవరైనా గొణిగితే, "నిదానమే ప్రధానం బాబూ. అమ్మవారు కొండ దిగి ఎక్కడికీ పోదులే," అనేవాడు. దీనమ్మ స్టీరింగు మీద తల వాల్చేది. ఆయన తలుపు దగ్గర నిలబడి అందరినీ ఊరుకోబెట్టేవాడు. ఆ కునుకులంత తియ్యటి నిద్ర ఆమె మళ్ళీ ఎరగదు.

మాటతోడులో ఆ గోంగూర ఉంది, ఆ మేనేజరు ఉన్నాడు, "రైట్ రైట్" కూడా ఉంది. హోల్డాన్ ఒక్కటే లేదు. ఆగమనే మాట పండగ రద్దీకి పనికిరాదని తీసేశారు, మహానుభావులు.

"అదిగో, కోదాడ వచ్చేసింది," అంది గొంతు.

దీనమ్మ ఉలిక్కిపడింది. మరి మునగాల ఏదీ? ఎంత వెతుక్కున్నా ఆ ఊరు దాటిన జ్ఞాపకమే లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కడియం పచ్చగానే ఉంది. తనే లేదు. వెనక బస్సు నిండా జనం, ఆ వెనక పది బస్సులు.

"బాబాయ్, కాసేపు ఆపుతాను."

"ఆలస్యం అమృతం విషం అమ్మాయ్. కడియం పచ్చగానే ఉందిగా."

ఆ సామెత నాగలింగం జన్మలో అనలేదు. కేంద్రంవాళ్ళే రాసి ఆయన నోట పెట్టారు.

"మునగాల ఎప్పుడు దాటామో నాకు తెలీదు బాబాయ్."

"అనుమతి లేకుండా ఆగితే దారిపట్టా రద్దవుతుంది."

ఉత్త బెదిరింపు కాదది. పండగ పూట బండి ఆపినవాళ్ళు మళ్ళీ రోడ్డెక్కలేదు, డిపోలో బస్సులు కడుగుతున్నారు. దీనమ్మకి ఈ రోడ్డంటే ప్రాణం. ఇది పోతే తనకంటూ ఇంకేం మిగలదని ఆమెకి తెలుసు.

మొదటి సీట్లో, ఒళ్ళో పూలబుట్ట పెట్టుకున్న ముసలమ్మ వీరమ్మ, ఏటా దసరాకి ఈ బస్సే ఎక్కే మనిషి, ముందుకి వంగింది. "ఏంది బిడ్డా, మొహం గట్ల పీక్కపోయింది?"

"నిద్రొస్తోందమ్మా."

"మరి ఆపరాదు? దర్శనం రేపైనా అయితది."

దీనమ్మ పదకొండు బస్సులకీ వినపడే మైకు మీట నొక్కింది.

"హోల్డాన్!"

సిగ్నలు వేసి, మెల్లగా ఎడమకి తీసి, చెట్ల నీడలో ఆపింది. అద్దంలో వెనక బస్సు కూడా నెమ్మదించింది. "నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయక్కా. భయపడి చెప్పలేదు. హోల్డాన్," అన్నాడు దాని డ్రైవరు యాకూబు. ఆ వెనక ఇంకో గొంతు, ఇంకోటి. పదకొండు బస్సులూ వరసగా ఆగాయి. డాష్‌బోర్డు తెర మీద మార్గకేంద్రం కారణం అడుగుతూనే ఉంది. నాగలింగం గొంతు "రైట్ రైట్" అంటూనే ఉంది. ఎవరూ కదల్లేదు.

దీనమ్మ కడియం ఊడదీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. చెయ్యి లేకపోయినా అది కాసేపు పచ్చగానే వెలిగింది. దీనమ్మ స్టీరింగు మీద తల వాల్చింది.

మెలకువ వచ్చేసరికి వీరమ్మ తలుపు దగ్గర నిలబడి, నోటి మీద వేలుంచి బస్సంతటినీ ఊరుకోబెడుతోంది. దీనమ్మ మొహం కడుక్కుని ఇంజను వేసింది. ఇదే ఆఖరి ట్రిప్పు కావచ్చు. సరే, అందరినీ క్షేమంగా దింపుతుంది.

"రైట్ రైట్ అమ్మాయ్," అంది డాష్‌బోర్డు.

ఆమె కాలు కదల్లేదు. దేనికోసం ఆగిందో ఆమెకే తెలీదు. వీరమ్మ ఆమె మొహం చూసింది, ఖాళీగా ఉన్న బానెట్ చూసింది. ముసలి చెయ్యి ఎత్తి రేకు మీద రెండు దెబ్బలు వేసింది.

"రైట్ బిడ్డా... రైట్!"

దీనమ్మ కళ్ళు తుడుచుకుని, అద్దం చూసుకుని, బండి కదిలించింది.